ఎడమ తిరుగుడు

నవ్వు ప్రొఫెసర్ రాసిన రిపోర్టు పదకొండు పేజీలు. ఆ పదకొండు పేజీల్లో లేత్ మాస్టర్‌కి దక్కినవి రెండే రెండు మాటలు: స్థానిక సహాయకుడు. లేత్ మాస్టర్ షెడ్డులో, లేత్ మాస్టర్ కుర్చీలో కూర్చుని, లేత్ మాస్టర్ గ్లాసుతో మంచినీళ్ళు తాగి వెళ్ళిన పెద్దమనిషి రాసిన మాటలు అవి. పేరు అడిగితే నోరు అరిగిపోయేదా? పోనీ పేరు వద్దు, చేసిన పనైనా రాయొచ్చు కదా. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన నాటి నుంచి నలభై తొమ్మిదో ఏడు వచ్చేదాకా లేత్ మీద ఇనుము తిప్పి కోస్తూ బతికినవాడు. ఎవడి దగ్గరా సహాయకుడిగా లేడు. సహాయకుడట!

నవ్వు ప్రొఫెసర్ అని ఆ పేరు పెట్టింది కూడా లేత్ మాస్టరే. కాదు, కుదరదు, వెళ్ళిరండి అని చెప్పేటప్పుడు కూడా ఆయన మొహాన నవ్వు చెదరదు. ఆ నవ్వు దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్నవాడు లేత్ మాస్టర్ బావ.

బావ చదువు ప్లాస్మా మీద. "నువ్వు వెల్డింగు చేసేటప్పుడు నల్లద్దంలోంచి ఒక వెలుగు చూస్తావు చూడు, అదేరా నా చదువంతా" అని అక్కని చేసుకున్న కొత్తలో చెప్పాడు. ట్యూబులైటులో ఉన్నదీ, మెరుపులో ఉన్నదీ, సూర్యుడిలో ఉన్నదీ అదేనట. ఆ మాట విన్నప్పటి నుంచి లేత్ మాస్టర్‌కి బావ మీద ఒక చనువు ఏర్పడిపోయింది. ఇంత చదివినవాడు కూడా చివరికి వెల్డింగు దగ్గరికే వచ్చాడని.

ఇరవై తొమ్మిదేళ్ళకే బావకి పెద్ద సంస్థలో కొలువు దొరికింది. పై అంతస్తులో గది, కిటికీ పక్కన బల్ల, తలుపు మీద పేరు. అక్కడే బుద్ధిగా ఉంటే ఈపాటికి ఆ సంస్థకి ఆయనే పెద్దయ్యేవాడు. కానీ ఒక వ్యాసం రాశాడు. విశ్వం ఒకప్పుడు చిన్న ముద్దగా ఉండి విచ్చుకుందని అందరూ చెప్పే లెక్క తప్పన్నాడు. దానికి మొదలు లేదన్నాడు. ఆకాశంలో నక్షత్రాల గుంపులు సుడులు తిరిగేది ఒక్క బరువు లాగుడు వల్లనే కాదు, చీకట్లో కోట్ల మైళ్ళ పొడవున పారే కరెంటు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకోవడం వల్ల అన్నాడు. వ్యాసం వెనక్కి వచ్చింది. ఇంకొకటి రాశాడు. అదీ వచ్చింది. పదిహేడేళ్ళలో ముప్పై ఒక్క వ్యాసాలు పోస్టులో ఎలా వెళ్ళినవి అలా తిరిగొచ్చాయి. ఈలోపు కిటికీ గది పోయి నడవా చివర గది వచ్చింది. అదీ పోయి మెట్ల కింద గది వచ్చింది. అందులో నిటారుగా నిలబడితే తల తగులుతుంది. గది మారిన ప్రతిసారీ కాయితం మీద సంతకం నవ్వు ప్రొఫెసర్‌దే.

"సార్, నా లెక్కలో తప్పెక్కడుందో చెప్పండి" అని బావ ఒకసారి అడిగాడట.

"లెక్కలో తప్పుందని నేనెక్కడన్నాను?" అని నవ్వాడట ఆయన. "చూపించండి. కళ్ళతో చూస్తే నేనే మొదట చప్పట్లు కొడతాను."

చూపించడానికి సంస్థలో చోటివ్వలేదు. అందుకే ఆ చూపించే మిషను లేత్ మాస్టర్ షెడ్డులోకి వచ్చింది. మనిషి నడుమంత లావు గాజు గొట్టం, దానిలోంచి గాలి లాగేసే పంపు, గోడ పొడుగునా కరెంటు నిలవ పట్టే కెపాసిటర్లు. మీట నొక్కితే గొట్టంలో పైనుంచి కిందికి రెండు ఊదారంగు పోగులు పక్కపక్కనే వెలుగుతాయి. కళ్ళు మూసి తెరిచేలోపు రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని సుడి తిరిగి ఆరిపోతాయి. కెమెరా తీసిన బొమ్మ తెర మీద పెడితే అచ్చం ఆకాశంలో నక్షత్రాల సుడి. బయటినుంచి ఏ చెయ్యీ తగలకుండా వాటంతట అవే తిరుగుతున్నాయన్నదే బావ చెప్పేది. ఆ ఒక్క ముక్క నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి.

వాళ్ళిద్దరి మధ్యా మొదటిరోజే ఒక ఒప్పందం కుదిరింది. బల్ల పైన ఉన్నదంతా బావది: గొట్టం, కెమెరా, నోటు పుస్తకం. బల్ల కింద ఉన్నదంతా లేత్ మాస్టర్‌ది: తీగలు, బోల్టులు, పంపు, నూనె. ఒకడి చోట ఇంకొకడు చెయ్యి పెట్టడు. బావ డ్రాయింగు గీసి ఇస్తాడు, బావమరిది కడతాడు. ఏడేళ్ళలో ఆ గీత ఇద్దరూ దాటలేదు. బావ బల్ల కిందికి వంగలేదు, బావమరిది నోటు పుస్తకం తెరవలేదు.

పంపుకీ కెపాసిటర్లకీ లేత్ మాస్టర్ షెడ్డు స్థలాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టాడు. పంతొమ్మిదేళ్ళు ఇనుప రజను మింగి కొనుక్కున్న స్థలం. వాయిదాలు తప్పాయి. వచ్చే నెల ఒకటో తారీఖున వేలం అని బ్యాంకువాళ్ళు తలుపుకి కాయితం అంటించి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ముగ్గురు మనుషుల కమిటీ వచ్చి చూస్తుంది. వరసగా మూడుసార్లు సుడి కనబడితే సంస్థ ఈ షెడ్డునీ మిషన్నీ అయిదేళ్ళకి అద్దెకి తీసుకుంటుంది, అద్దె మొత్తం ముందే కడుతుంది. ఆ డబ్బుతో తాకట్టు విడిపించుకోవచ్చు. సుడి కనబడకపోతే షెడ్డు వేలానికి పోతుంది. మధ్యలో ఇంకో దారి లేదు.

కమిటీకి పెద్ద ఎవరో చెప్పక్కర్లేదు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్న ఏడున్నరకి లేత్ మాస్టర్ లేత్ మీద ఎడమ మర కోస్తున్నాడు. గ్రైండింగు చక్రానికి బిగించే నట్టు, ఎవరో అర్జంటుగా అడిగారు. మామూలు మర కుడికి తిరుగుతుంది. ఎడమ మర కావాలంటే లేత్ వెనక ఒక గేరు అదనంగా ఎక్కించాలి. ఆ గేరు లేకుండా లేత్ జన్మలో ఎడమ మర కొయ్యదు. గేరు ఎక్కిస్తూ ఎక్కిస్తూ అతను అలాగే ఆగిపోయాడు.

బావ సుడి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది.

ఏడేళ్ళలో తొమ్మిది వందల పద్నాలుగు సార్లు మీట నొక్కారు. ప్రతిసారీ ఎడమకే. బావ దాన్ని చూసి మురిసిపోతాడు. ప్రకృతికి ఎడమంటే ఇష్టంరా అంటాడు. ప్రకృతి సంగతేమో గాని, ముప్పై అయిదేళ్ళు లేత్ దగ్గర నిలబడ్డవాడికి తెలిసింది ఒక్కటే. ఎప్పుడూ ఒకే వైపు తిరిగే దానికి వెనకాల ఎక్కడో ఒక గేరు ఉండి తీరుతుంది.

లేత్ ఆపేశాడు. బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెక్క పెట్టె మూత విప్పాడు. లోపల ఉన్నదేమిటో అతనికి తెలుసు, పెట్టింది అతనే. అయినా మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

కరెంటు గొట్టంలోంచి కిందికి దిగాక మళ్ళీ కెపాసిటర్ల దగ్గరికి తిరిగి వెళ్ళాలి. అందుకు బావ డ్రాయింగులో నాలుగు రాగి కడ్డీలున్నాయి, బల్ల నాలుగు కాళ్ళ వెంట ఒక్కొక్కటి పైదాకా. కరెంటు పారే కడ్డీ గొట్టంలో పోగుల్ని అటో ఇటో లాగుతుంది, నాలుగూ చుట్టూ సమానంగా ఉంటే ఒకదాని లాగుడుని ఇంకొకటి కొట్టేస్తుందని. అయితే ఆ రోజుల్లో రాగి కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఒక్క కడ్డీయే వచ్చింది. దాన్ని వెనక ఎడమ కాలి వెంట పైకి బిగించి, మిగతా మూడూ తర్వాత పెడదాంలే అనుకుని, ఎవరికీ షాకు తగలకుండా కింద చెక్క పెట్టె, పైన చెక్క తొడుగులు కట్టేశాడు. తొడుగులు మాత్రం నాలుగు కాళ్ళకీ కట్టాడు, చూడ్డానికి ఒక్కలా ఉండాలని. మిషను మొదటిరోజే పనిచేసింది. సుడి తిరిగింది. బావ చిన్నపిల్లాడిలా గెంతాడు. ఆ గెంతులో మూడు కడ్డీల మాట ఇద్దరిలో ఒకడైనా ఎత్తలేదు. ఒకడికి తెలియదు, ఇంకొకడు మర్చిపోయాడు.

అక్క వచ్చేసరికి అతను ఇంకా నేల మీదే ఉన్నాడు. ఆసుపత్రిలో నర్సు పని అక్కది, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. చేతిలో మొగుడికి ఇస్త్రీ చేసిన చొక్కా.

"ఏంట్రా, పెద్దవాళ్ళొచ్చే వేళకి అలా మట్టిలో పొర్లుతున్నావు?"

చెప్పాడు. చెప్పింది అర్థం చేసుకోడానికి ఆమెకి ప్లాస్మా తెలియక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఇల్లు నడుస్తున్నది ఆమె జీతంతోనే. మొగుడి ముప్పై ఒక్క వ్యాసాలూ పోస్టులో వేసింది ఆమే, తిరిగొచ్చినవి తీసుకున్నదీ ఆమే.

"ఇప్పుడా కడ్డీ వల్లే తిరుగుతోందంటావా?"

"ఏమో అక్కా. కాకపోవచ్చు."

"కాకపోవచ్చంటే అయ్యుండొచ్చని కూడానా?"

అతను పెట్టె మూత దగ్గరికి లాక్కున్నాడు.

ఆమె చొక్కా మేకుకి తగిలించి, మడత పడకుండా రెండుసార్లు సవరించింది. "పదకొండుకి వస్తారు. గంటలో వెళ్ళిపోతారు. ఆ గంట నోరు మూసుకుని ఉండు. నీ షెడ్డు నీకుంటుంది, ఆయన పరువు ఆయనకుంటుంది. తర్వాత నీ కడ్డీలు నాలుగు పెడతావో నలభై పెడతావో నీ ఇష్టం."

"తర్వాత పెడితే సుడి ఆగిపోతే?"

"అప్పుడు చూద్దాం. రోజూ ఎంతమందిని చూస్తున్నాను, రేపటికి ఏమవుతుందోనని ఇవాళ చచ్చిపోయినవాడు ఒక్కడూ లేడు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఒరేయ్, ఆ మనిషికి యాభై ఆరేళ్ళు. ఇంకోసారి లేచి నిలబడే ఓపిక లేదు. నా మాట విను."

ఆమె వెళ్ళాక పెట్టె మూత పెట్టి బిగించేశాడు. చేతికి అలవాటైన బోల్టులే. ఆ పూట మాత్రం రెండుసార్లు స్పానరు జారింది.

బావ పదిన్నరకి వచ్చాడు. కొత్తగా గీసుకున్న గడ్డం, చెవి కింద తెగిన గాటు. చొక్కా వేసుకుంటుంటే గుండీలు పట్టడం లేదు.

"బావా, ఒక మాట."

"చెప్పరా."

"అది ఎప్పుడూ ఎడమకే ఎందుకు తిరుగుతుంది?"

బావ మొహం వెలిగిపోయింది. గుండీలు వదిలేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడేళ్ళకి అడిగావురా అడగాల్సిన ప్రశ్న! అదే అసలు సంగతి. తొమ్మిది వందల సార్లు ఒకే వైపంటే అది యాదృచ్ఛికం కాదు, నియమం. కమిటీ కూడా అదే అడగాలని నేను ఎదురుచూస్తున్నాను. నీ బుర్ర వాళ్ళకుంటే ఎంత బాగుండేది!"

లేత్ మాస్టర్ వంగి బావ గుండీలు పెట్టాడు. బయట కారు ఆగింది.

ముగ్గురు దిగారు. నవ్వు ప్రొఫెసర్ ముందు, నవ్వు ఆయన కంటే ముందు. వెనక లావు ఫైలు పట్టుకున్న ఒకావిడ. ఆవిడ వెనక, గడియారం చూసుకునే మనిషి. నేల మీద ఇనుప రజను తొక్కకుండా ఆ మనిషి మునివేళ్ళ మీద నడిచాడు.

"ఓహో, ఇదేనా మీ బ్రహ్మాండం?" అన్నాడు నవ్వు ప్రొఫెసర్ చుట్టూ చూసి. "నూనె వాసన వస్తోందే."

"పంపు నూనె సార్" అన్నాడు లేత్ మాస్టర్. "కొత్తగా పోశాం, మీ కోసం."

ఫైలావిడ నవ్వాపుకుంది.

మొదటిసారి మీట నొక్కారు. టపీమని చప్పుడు, ఊదా వెలుగు, చీకటి. తెర మీద సుడి. ఎడమకి. నవ్వు ప్రొఫెసర్ తెర దగ్గరికి వచ్చి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. రెండోసారి నొక్కారు. సుడి. ఎడమకి. గడియారం మనిషి గడియారం చూసుకోవడం మానేశాడు. మూడోసారి మీట బావ ఫైలావిడ చేత నొక్కించాడు. సుడి. ఎడమకి. ఆవిడ "అయ్య బాబోయ్" అంది, కమిటీలో ఉన్న సంగతి మర్చిపోయి.

అప్పుడు నవ్వు ప్రొఫెసర్ మొహాన నవ్వు లేదు. దాదాపు ఇరవై ఏళ్ళలో మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగాడు, తాగాడు.

"ఎప్పుడూ ఎడమకేనా?"

"తొమ్మిది వందల పదిహేడు సార్లకి తొమ్మిది వందల పదిహేడూ" అన్నాడు బావ. "నేను ఏమన్నా ఊహించుకుని చెప్పానేమో గానీ సార్, ఇది మాత్రం ఊహ కాదు. కళ్ళెదురుగా ఉంది."

"ఉంది. ఒప్పుకుంటున్నాను." ఆయన జేబులోంచి పెన్ను తీశాడు, మూత విప్పాడు. ఫైలావిడ కాయితం ఆయన ముందు పెట్టింది. లేత్ మాస్టర్ ఆ పెన్ను మొననే చూస్తున్నాడు. కాయితానికి జానెడు దూరం. షెడ్డు జానెడు దూరంలో ఉంది.

"ఒక్క సంగతి" అన్నాడు నవ్వు ప్రొఫెసర్ పెన్ను ఆపి. "మీ డ్రాయింగులు మాకు కావాలి. మా దగ్గర ఇంకో మిషను కట్టిస్తాం. బయటి సంస్థలకి కూడా పంపుతాం, వాళ్ళూ కట్టుకుని చూస్తారు. అభ్యంతరం లేదు కదా?"

"అభ్యంతరమా! ఈ ఎడమ తిరుగుడు మీద నా తర్వాతి వాళ్ళు వందేళ్ళు పనిచేస్తారు సార్. తీసుకెళ్ళండి" అంటూ బావ నీలం కాయితాల చుట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

లేత్ మాస్టర్ చూపు పెన్ను మీంచి ఆ చుట్ట మీదికి మారింది. ఆ చుట్టలో నాలుగు కడ్డీలున్నాయి. ఎవడో ఒకడు, మంచి పనివాడు, డ్రాయింగులో ఎలా ఉంటే అలా నాలుగూ పెడతాడు. మీట నొక్కుతాడు. సుడి తిరగదనుకో, ఆ తర్వాత వాళ్ళు ఇక్కడికి వస్తారు, పెట్టె విప్పుతారు, ఒక్క కడ్డీ చూస్తారు. డ్రాయింగులో నాలుగు గీసి లోపల ఒకటి పెట్టి, మీద నాలుగు తొడుగులు కట్టి లోకాన్ని మోసం చేశాడంటారు. ఇప్పటిదాకా బావని పిచ్చివాడన్నారు. పిచ్చివాడన్న మాట బావ భరించాడు. దొంగ అంటే భరించలేడు.

పెన్ను కాయితం మీదికి దిగింది.

"సార్, ఇంకొక్కసారి నొక్కుదాం" అన్నాడు లేత్ మాస్టర్.

అందరూ అతని వైపు చూశారు. బావ కూడా.

"మూడుసార్లు చాలు కదయ్యా" అన్నాడు నవ్వు ప్రొఫెసర్.

"కింద ఒక బోల్టు వదులైంది సార్. బిగించి నొక్కుదాం. ఇరవై నిమిషాలు." ఎవరి జవాబూ వినకుండానే బల్ల కిందికి దూరాడు.

పెట్టె మూతా, వెనక రెండు కాళ్ళ తొడుగులూ విప్పాడు. వెనక ఎడమ కాలి వెంట ఉన్న కడ్డీ ఊడదీశాడు. రాగి ఇంకా వెచ్చగా ఉంది. అక్కడినుంచే అందరి చెప్పులూ కనబడుతున్నాయి. గడియారం మనిషి మడమలు ఎగరేస్తున్నాడు. బావ చెప్పులు మాత్రం కదలడం లేదు. కడ్డీని వెనక కుడి కాలి వెంట పెట్టి బిగించాడు. నాలుగు బోల్టులు, ఒక్కొక్కదానికి మూడు చుట్లు. చెమట కళ్ళలోకి కారి మండింది. తుడుచుకోలేదు. ఇప్పుడైనా కడ్డీని మళ్ళీ పాత చోట పెట్టేసి, అయిపోయింది సార్ అని లేచి నిలబడొచ్చు. ఎవరికీ తెలియదు. ఆ మాట చివరి బోల్టు దాకా అతన్ని వదల్లేదు.

లేచి నిలబడ్డాడు. "నొక్కు బావా."

బావ నొక్కాడు. టపీమని చప్పుడు, ఊదా వెలుగు, చీకటి.

తెర మీద సుడి వచ్చింది. కుడికి.

పంపు ఒక్కటే చప్పుడు చేస్తోంది. ఫైలావిడ తలని ఒక పక్కకి వంచి, మళ్ళీ ఇంకో పక్కకి వంచి చూసింది. నవ్వు ప్రొఫెసర్ పెన్నుకి మెల్లగా మూత పెట్టాడు.

బావ తెర చూశాడు, బావమరిదిని చూశాడు. తర్వాత ఏడేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేశాడు. ఇస్త్రీ చొక్కాతో నేల మీద కూర్చుని బల్ల కిందికి వంగాడు. మూత తీసిన పెట్టెలో అటూ ఇటూ వెతికాడు.

"ఒక్కటేనా?" అన్నాడు లోపలినుంచి.

"ఒక్కటే బావా."

"మిగతా మూడూ?"

"రాగి చాల్లేదు."

"ఏడేళ్ళు, ఒరేయ్. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఏడేళ్ళు ఒక్కసారి వంగి చూళ్ళేకపోయావా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. బావ మాత్రం కోప్పడలేదు. మోకాలు పట్టుకుని లేచాడు, నోటు పుస్తకం తెరిచాడు, తొమ్మిది వందల పద్దెనిమిదో వరసలో తేదీ వేసి, కడ్డీ చోటు మార్చగానే సుడి కుడికి తిరిగిందని రాశాడు. అక్షరం ఎక్కడా వంకర పోలేదు. చొక్కా గుండీలు పట్టని చేతులే అవి.

"నాలుగూ పెట్టి మళ్ళీ చూపిస్తాం సార్" అన్నాడు.

"కమిటీ ఒక్కసారే వస్తుందండీ" అన్నాడు నవ్వు ప్రొఫెసర్. నవ్వు మళ్ళీ ఎప్పటి చోటికి వచ్చేసింది. డ్రాయింగుల చుట్ట బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఒకటో తారీఖుకి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. బావ కిటికీ గది రోజుల నాటి పుస్తకాలు అమ్మి రాగి కొన్నాడు. లేత్ మాస్టర్ మూడు కడ్డీలూ కోసి, మెరుగు పెట్టి, మూడు కాళ్ళ వెంటా బిగించాడు. ఈసారి బావ పక్కనే కూర్చుని టార్చి పట్టుకున్నాడు. నలభైసార్లు నొక్కారు. రెండు ఊదా పోగులు పక్కపక్కన వెలుగుతాయి, దగ్గరికి జరుగుతాయి, ఒకటిగా కలిసి ఆరిపోతాయి. కుడికి లేదు, ఎడమకి లేదు, సుడి లేదు. నలభై వరసలూ బావ ఒకే తీరుగా రాశాడు.

అక్క రెండు వారాలు తమ్ముడితో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు అన్నది ఇంతే: "రాత్రి బాగా నిద్రపోతున్నాడు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అలా నిద్రపోగా చూళ్ళేదు. నీ మీద కోపం మాత్రం నాకు పోలేదు."

రిపోర్టు ఆ నెలలోనే వచ్చింది. కడ్డీ చోటు మార్చి లోపాన్ని బయటపెట్టింది కమిటీయేనట. స్థానిక సహాయకుడు స్పానరు పట్టుకున్నాడట. బావ ఆ రిపోర్టుకి జవాబు రాయలేదు. తన సుడి తప్పని ఒక వ్యాసం రాసి పంపాడు. దాని మీద లేత్ మాస్టర్ అసలు పేరు ముందు వేసి, తన పేరు వెనక వేసుకున్నాడు. నాలుగు రోజుల్లో అచ్చుకి తీసుకుంటున్నామని కబురొచ్చింది. పదిహేడేళ్ళలో వెనక్కి రాని వ్యాసం అదొక్కటే.

"విశ్వానికి మొదలు లేదన్నది మాత్రం నేను వదల్లేదురా" అన్నాడు బావ, ఆ కబురొచ్చిన కాయితం చేతికిస్తూ. "ఈ దారి తప్పు, అంతే. ఇంకో దారి చూడాలి."

"చూడు బావా. ఈసారి బల్ల కింద కూడా నువ్వే చూసుకో."

బావ నవ్వాడు. లేత్ మాస్టర్‌కి నవ్వు రాలేదు. అచ్చులో పేరు వస్తుందంటే ఎవరికైనా బాగానే ఉంటుంది. అయితే ఆ కాయితం మీద లేత్ నిలబడదు.

వేలం రోజున బ్యాంకు తరఫున కొలతలవాడు వచ్చాడు. టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి లేక లేత్ మాస్టర్‌నే పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. కొలతలవాడు పైకి చదువుతూ రాసుకున్నాడు. వీధి వైపు నలభై అయిదు అడుగులు. లోపలికి నలభై రెండున్నర. మొత్తం రెండు వందల పన్నెండున్నర గజాలు.